మేకల మీద కరపత్రం

జనవరి 28, ఆదివారం

ఇది నాకోసం రాసుకుంటున్నాను. ఈ ఊళ్ళో ఇంకెవరికోసం రాయాలి? చదవడం వచ్చినవాళ్ళు ఫోనులో రొయ్యల ధరలు తప్ప ఏమీ చదవరు. రానివాళ్ళే నయం, రాదని ఒప్పుకుంటారు.

రెండు జామ మొక్కలు పోయాయి. ఎండిపోలేదు, తలలు తెగిపోయాయి. మోకాలెత్తు పెరిగినవి జానెడు మోడులై నిలబడ్డాయి. అమ్మ చర్చికి బయలుదేరుతూ చూసి, అయ్యో అనేసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. పాస్టరుగారి ప్రసంగానికి ఏసుమణి, అంటే మా అమ్మ, ఆలస్యమైతే లోకం ఆగిపోతుంది కదా.

డిసెంబరు వానలు వెలిసినాక మా వీధిలో పదకొండు ఇళ్ళకు మొక్కలు పంచింది నేను. నాయుడుపేట నర్సరీ నుంచి వ్యానులో తెచ్చింది నేను. గుంతలు తవ్వమని ఇల్లిల్లూ తిరిగి గొంతు పోగొట్టుకున్నది నేను. నాటడం అయ్యాక ఉప్పు కొటార్ల నుంచి గోతాం మోసుకొచ్చి ఇంటింటికీ పంచి ప్రతి మొక్క మొదట్లో పిడికెడు చల్లమన్నది కూడా నేనే. కొబ్బరికి ఉప్పు మంచిదని ఇక్కడ ప్రతి ముసలమ్మకూ తెలుసు. మరి మామిడికీ జామకూ ఎందుకు మంచిది కాకూడదని ఒక్క ముసలమ్మా ఆలోచించదు. సాగు కరపత్రంలో ఉంది, సముద్రపు ఉప్పులో చెట్టుకు కావలసిన పోషకాలు ఉన్నాయని. పక్కింటి వెంకటశేషమ్మ మాత్రం తన వంతు ఉప్పు జాడీలో పోసి నిమ్మకాయలు ఊరవేసుకుంది. ఇలాంటి మనుషులతో మార్పు తేవాలి.

జనవరి 30

మామిడి కూడా.

ఫిబ్రవరి 2

దొరికింది. మొక్కల మధ్య పెంటికలు, నల్లగా, గుండ్రంగా, ఇంకా తడిగా. మేకలు. ఈ వీధి వెంట రోజూ మేకలు తోలేది ఒక్కడే, కాలనీలో ఉండే పోలేరయ్య.

నేరుగా వెళ్ళాను. కాలువ గట్టు మీద కూర్చుని కంపకొమ్మ చెక్కుకుంటున్నాడు. పద్నాలుగు మేకలు, అవే అతని పొలం, అవే అతని ఉద్యోగం. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసి మా పెరడు చూపించాను. వంగి ఒక పెంటిక తీసి వేళ్ళ మధ్య నలిపి, ఒక కొస మొన తేలి ఉంటే అది దుప్పిదని, మేకది కాదని చెప్పాడు. సరుగుడు తోపులోంచి వస్తున్నాయట, తెల్లవారే ముందు. ఏదో కమ్మగా ఉండబట్టే ఇళ్ళ మధ్యకి దిగాయట.

నవ్వొచ్చింది. దుప్పులు! మనిషి అలికిడికి ఆమడ దూరం పారిపోయే ప్రాణి దుప్పి అని వన్యప్రాణుల కరపత్రంలో రాసి ఉంది. కిందటేడు ఇదే ఊళ్ళో ఉచ్చులు పెట్టబోమని నలభైమంది చేత సంతకాలు చేయించినవాణ్ణి నేను. మా గోడ మీద ఉన్న దుప్పి బొమ్మ కింద నేనే రాశాను, అడవికి కన్నులు ఇవి అని. అలాంటిదాని మీద నేరం తోస్తున్నాడు, తన మేకల్ని తప్పించడానికి. శ్రమజీవి అంటే నాకు గౌరవమే. అబద్ధమాడే శ్రమజీవి అంటే కాదు.

ఫిబ్రవరి 3

మా మొక్కల ఆకుల అంచులు మాడుతున్నాయి. మేక నోరు పడితే అంతేనట, విషం. ఎక్కడో చదివాను.

ఫిబ్రవరి 7

ఈసారి బెరడు. మా పెరట్లో అన్నిటికంటే ఎత్తున్న వేప మొక్కకు నడుమెత్తున ఒక పక్కంతా చీరేసి ఉంది, లోపలి తెల్లటి కర్ర కనబడేలా. వీధిలో మరో మూడు ఇళ్ళలో ఇదే గతి. వెంకటశేషమ్మ పెరట్లో ఒక్క ఆకు కూడా పోలేదు. పోలేరయ్య ఆమె పెరడు జోలికి వెళ్ళడు, ఆమె నోటికి భయపడి. నోరున్నవాళ్ళదే రాజ్యం.

పోలేరయ్యను మళ్ళీ పిలిచాను. బెరడు మీద వేలు పెట్టి, ఇది పంటితో గీకింది కాదు, కొమ్ముతో రుద్దింది, మేక కొమ్ము ఇంత ఎత్తుకి రాదు అన్నాడు. నేను తల ఊపి పంపేశాను. వాదించడం దండగ. చదువు లేనివాడికి ప్రతిదానికీ ఒక కథ సిద్ధంగా ఉంటుంది.

ఫిబ్రవరి 10

కరపత్రం రాశాను. ఒక్క బిగిన, కొట్టివేత లేకుండా. ఇన్నేళ్ళు ఇతరులు రాసినవి చదివాను, ఇప్పుడు నాది. శీర్షిక: మేక – పచ్చదనానికి శత్రువు. కింద: ఎం. టైటస్, పర్యావరణ కార్యకర్త.

నాకు బాగా నచ్చిన వాక్యం ఇక్కడ కూడా రాసుకుంటున్నాను: “మేక మేసిన చోట గడ్డి మొలవదు, మేకల పోలేరయ్య తిరిగిన చోట ఊరు బాగుపడదు.” పేరు రాయాలా వద్దా అని కొంచెం ఆలోచించాను. సత్యం చెప్పేవాడు పేరుకు జంకకూడదు.

అమ్మకు చదివి వినిపించాను. కూర తరుగుతూ విని, ఆ వాక్యం ఎందుకు నాయనా అంది. అమ్మ అంగన్‌వాడీలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పప్పు వండుతుంది, రాజకీయం తెలియదు.

ఫిబ్రవరి 12

పెంచల్ టీ కొట్టు దగ్గర బల్ల ఎక్కి చదివాను. ఆ వాక్యం దగ్గర అందరూ నవ్వారు. పెంచల్ రెండోసారి చదివించుకుని మరీ నవ్వాడు. కరపత్రాలన్నీ అయిపోయాయి. జనం మారతారు, చెప్పేవాడు ఉండాలి అంతే.

పోలేరయ్య దూరంగా తుమ్మచెట్టు కింద నిలబడి చూశాడు. ఎందుకు నవ్వుతున్నారని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. వాడు కూడా నవ్వాడు.

ఫిబ్రవరి 14

పద్మనాభయ్య పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పాడు. ఆయనకి పదవి లేదు, నలభై ఎకరాల వరి ఉంది, అది చాలు. మామూలుగా ఆ మీసం చూస్తేనే నాకు కంపరం. ఇవాళ మాత్రం నా కరపత్రం చేతిలో పట్టుకుని మాట్లాడాడు. మేకల్ని రెండు రోజులు బందెల దొడ్డిలో పెట్టాలి. ఆ తర్వాత కాలువకు ఈ పక్కకు రానివ్వకూడదు. ఎప్పటిదాకా అని ఎవరో అడిగితే, ఇంక ఎప్పుడూ అన్నాడు.

కాలువకు ఆ పక్కన ఏముందో అందరికీ తెలుసు. రొయ్యల గుంటలు, ఉప్పు నీళ్ళు. మేక మేయడానికి పరక ఉండదు. కానీ అది నేను చేసిన ఏర్పాటు కాదు కదా.

పోలేరయ్య తీర్పు విని, నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“నీ మొక్కల్ని నా మేకలు తినలా అబ్బయా. నువ్వు చదువుకున్నోడివి. ఇంకోసారి చూడు.”

చూశానని చెప్పాను.

బందెల దొడ్డి తలుపు పదేళ్ళుగా తీయలేదు. తీగలు నరికి తీశారు. లోపల నీడ లేదు.

ఫిబ్రవరి 15

దొడ్డిలో ఒక మేక ఈనిందట. పిల్ల మధ్యాహ్నం దాకా ఉండి పోయింది.

ఫిబ్రవరి 16

మేకలు ఎక్కడైనా ఈనుతాయి, పిల్లలు ఎక్కడైనా పోతాయి. నీడ వేయడం పంచాయతీ పని. నీళ్ళు పెట్టడం పంచాయతీ పని. దొడ్డి మీద నాకు ఏ అధికారమూ లేదు. నా పని రాయడం. దొడ్డిలో పెంకుల షెడ్డుకు ఏడాదిగా టెండరు పిలవని వ్యవస్థను అడగాలి కానీ ఒక పౌరుణ్ణి కాదు.

అమ్మ సాయంత్రం ఒక గిన్నె గంజి, గుప్పెడు తవుడు తీసుకుని దొడ్డికి వెళ్ళి వచ్చింది. అన్నం పెట్టింది. నెయ్యి వేయలేదు.

ఫిబ్రవరి 20

మేకలు అవతలికి వెళ్ళి నాలుగు రోజులు. ఇవాళ పొద్దున సపోటా మొక్కలు రెండు సాఫు.

అమ్మ అడిగింది, మేకలు కాలువ అవతల ఉంటే ఇవి ఎవరు తిన్నార్రా అని.

పోలేరయ్య తెల్లవారుజామున దొంగతనంగా తోలుకొస్తున్నాడు. ఇంకేమిటి? పగ. పగ పట్టిన మనిషి ఎంతకైనా దిగజారతాడు. కాలువలో నడుంలోతు నీళ్ళున్నాయని అమ్మ అంది. మేకలు ఈదవా? ఈదుతాయనే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 24

రేపు అయిదింటికి లేచి బావి పక్కన కూర్చుంటాను. ఫోను నిండా ఛార్జింగు పెట్టాను. వీడియో తీసి పెంచల్ కొట్టులోనే చూపిస్తాను, అక్కడ రోజూ కూర్చునే ఆ నాలుగు రాగి చెంబుల లాంటి తలలు తిరిగిపోయేలా.

ఫిబ్రవరి 25, ఆదివారం

మంచు. ఏమీ సరిగ్గా కనబడలేదు.

ఈ ఊరి చర్చి మైకు గురించి ఎవరైనా ఫిర్యాదు చేయాలి. గుడి మైకు గురించి కూడా. రెండూ ఒకటే కంపెనీ, రెండూ ఒకే గీర. పద్మనాభయ్య కొత్త కారు మీద వెనకద్దానికి తన పేరు రాయించుకున్నాడు, దారి తప్పితే ఎవరైనా ఇంటికి చేరుస్తారని కాబోలు. పెంచల్ టీలో పాలకంటే నీళ్ళెక్కువ, నీళ్ళకంటే కబుర్లెక్కువ. ఒక్కడికీ సూటిగా ఆలోచించడం రాదు. ఒక్కడికీ. ఊరు మొత్తం తీసుకెళ్ళి సముద్రంలో ముంచి మళ్ళీ పైకి తీస్తే గాని.

అమ్మ చేపల పులుసు చేసింది. తినలేదు.

ఫిబ్రవరి 26

రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 27

లేదు.

ఫిబ్రవరి 28

ఆదివారం మంచు లేదు.

రాసేశాను. ఇప్పుడు మిగతాది రాయవచ్చు.

అయిదూ ఇరవై అయిదుకు వచ్చాయి, వెన్నెల్లో. మూడు. రెండు ఆడవి, ఒక మగది. కంపకంచె సందులోంచి మెడలు వంచి ఒక్కొక్కటే, సొంత ఇంట్లోకి వచ్చినట్టు. ఒంటి మీద తెల్ల చుక్కలు నేను లెక్కపెట్టగలిగేంత దగ్గర. నేను బావి గోడకు ఆనుకుని ఉన్నాను, పది అడుగులు. మనిషి అలికిడికి ఆమడ దూరం పారిపోతుందన్న ప్రాణి నన్ను చూసింది, చెవి ఆడించింది, మళ్ళీ తల దించింది. ముందు ఆకులు తినలేదు. ముందు మట్టి నాకింది. మొక్క మొదట్లో మట్టిని, నాలుకతో, అన్నం గిన్నె నాకినట్టు. ఒక మొక్క అయ్యాక ఇంకో మొక్క. నాకడం అయ్యాకే తల ఎత్తి చిగురు తెంపింది. మగది వేప మొక్క దగ్గర నిలబడి కొమ్ములు అటూ ఇటూ రుద్దింది. నడుమెత్తున. సరిగ్గా ఆ చోటనే.

ఫోను చేతిలోనే ఉంది. తీయలేదు. వీడియో తీస్తే అది ఉండిపోతుంది కదా.

అవి వెళ్ళాక మట్టిలో వేలు పెట్టి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. మా పెరట్లో ప్రతి మొక్క చుట్టూ గిన్నెలా గుంత పడి ఉంది. నేను రోజూ వాటిలోనే నీళ్ళు పోశాను, నీళ్ళ ధారకు పడ్డ గుంతలనుకుని.

ఇవాళ సాయంత్రం వెంకటశేషమ్మ పెరట్లోకి వెళ్ళాను, ఏదో అడిగే నెపంతో. పది మొక్కలకు పది, నిగనిగలాడుతున్నాయి. ఆమె మెట్టు మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. నా ఉప్పు ఎందుకు చల్లలేదని అడిగాను, కోపంగానే అడిగాను.

“కొబ్బరికి ఉప్పు గుంత అడుగున ఏస్తార్రా, పైన మట్టి కప్పి. పైన చల్లితే ఆకు మాడద్ది, అడివిలో గొడ్డంతా నాకడానికొస్తది. మా చిన్నప్పుడు దుప్పుల్ని కొట్టేవోళ్ళు అట్నే గదా ఎర ఏసేది.”

ఉచ్చు పెట్టేవాళ్ళ ఎర. అదే నేను పది ఇళ్ళలో పెట్టాను, పిడికెడు చొప్పున.

మరి ఈ మాట అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను. చెప్పనిస్తివా నువ్వు, అంది.

ఇంటికొచ్చి ఆ సాగు కరపత్రం తీశాను. “గుంత అడుగున” అనే ఉంది. రెండో పేజీ. దాని కింద నేనే పెన్నుతో గీత కూడా గీసి ఉన్నాను.

మార్చి 1

పద్మనాభయ్య దగ్గరికి వెళ్ళాను. వరి కోత మిషను దగ్గర కుర్చీ వేసుకుని ఉన్నాడు. మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోమనలేదు.

పొట్టు దులుపుకుంటూ విన్నాడు. పోనీలే అన్నాడు. ఇవాళ తినకపోతే రేపు తింటాయి, మేక మేకే గదా. అందరి ముందూ చెప్పిన మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఎవరికి తలవంపులు? నీకూ నాకూ. ముసలోడు నాలుగు రోజులు ఏడ్చి కూతురి ఊరికి పోతాడు, ఉగాది లోపల పోతానన్నాడంట గూడా. నువ్వు మంచిగా రాస్తావబ్బయా, ఈసారి ఎలక్షన్లకు మాకు కూడా రాయి.

నా భుజం తట్టాడు. నేను ఇన్నాళ్ళూ అసహ్యించుకున్న మనిషి నన్ను తనవాణ్ణి చేసుకున్నాడు. చెయ్యి తీసెయ్యలేదు నేను. అది రాసుకోవాలి. తీసెయ్యలేదు.

మార్చి 2

కాలువ దాటాను. నడుంలోతు కాదు, ఛాతీ దాకా ఉంది. మేకలు ఈదవు, ఆ రోజు ఒక్కొక్కదాన్నీ భుజాన మోసి దాటించాడట.

పోలేరయ్య గుంటల గట్టు మీద తాటాకు పాక వేసుకున్నాడు. పదకొండు మేకలున్నాయి. మిగతా మూడు ఏమయ్యాయని అడగలేదు. పక్కటెముకలు కనబడుతున్నాయి. అతని ఇంటావిడ పాక వెనకనుంచి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె ఊరు వదిలి రానంటోందట. పుట్టింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టింది, వాళ్ళలో కొందరు పోయింది అంతా ఆ కాలనీలోనేనట. ఉగాదికి బండి మాట్లాడాడు.

తప్పు నాది అన్నాను. దుప్పులే అన్నాను. ఉప్పు అన్నాను. నేను కొత్త కరపత్రం రాస్తాను, అచ్చు వేయిస్తాను, ఇంటింటికీ నేనే పంచుతాను, అందులో నీ పేరు పెద్ద అక్షరాల్లో, అని ఇంకా ఏమేమో అన్నాను. మాట్లాడుతున్నంతసేపూ నా గొంతు నాకే వినబడుతోంది. బల్ల మీద నిలబడ్డప్పటి గొంతే.

అతను చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. నాలుగు మడతలు, చెమటకు మెత్తబడింది. నా కరపత్రం.

“కొత్తది వొద్దులే. ఇందులో ఏముందో నాకెవురూ పూర్తిగా చదివి చెప్పలా. సగం చదివి నవ్వతారు, లేకపోతే వొద్దులే పోలేరయ్యా అంటారు. రాసినోడివి నువ్వు. రేపు పెంచల్ కొట్టు కాడికొచ్చి నాకు చదివి ఇనిపించు. ఆ బల్ల మీదే నిలబడు.”

ఇక్కడే చదువుతాను అన్నాను.

“ఈడ నవ్వేవోళ్ళు లేరు గదబ్బయా.”

మార్చి 3, ఆదివారం

ఉదయం వీధిలో ఇల్లిల్లూ తిరిగి మొక్కల మొదట్లో ఉప్పు మట్టి గీసి తీసేయమని చెప్పాను. ఎందుకని అడిగిన ప్రతివాళ్ళకూ ఎందుకో చెప్పాను. ఆరో ఇంటికి వచ్చేసరికి కబురు నాకంటే ముందు నడుస్తోంది. ఏడో ఇంట్లో అప్పటికే గీసేశారు.

పది గంటలకు పెంచల్ కొట్టు. చర్చి వదిలినవాళ్ళు, పొలాలనుంచి వచ్చినవాళ్ళు. పద్మనాభయ్య కారు రోడ్డు మీద ఆపి, దిగకుండా అద్దం దించుకుని ఉన్నాడు. పోలేరయ్య ముందు బెంచీ మీద కూర్చున్నాడు, జుట్టుకు నూనె రాసుకుని వచ్చాడు. పెళ్ళిచూపులా పోలేరయ్యా అని పెంచల్ అంటే అవునని తలూపాడు.

బల్ల ఎక్కాను. ముందు దుప్పుల సంగతి చెప్పాను, ఉప్పు సంగతి చెప్పాను, మేకలు తినలేదని చెప్పాను. ఎవరో దగ్గారు. ఇంక దిగవచ్చనిపించింది. పోలేరయ్య మడతలు విప్పి కాగితం పైకి అందించాడు.

చదివాను. ఎంత పెద్ద కరపత్రం అది. ఎన్ని విశేషణాలు. మేక పై పళ్ళతోనూ కింది పళ్ళతోనూ కొరికి అనేచోట అతను చెయ్యెత్తాడు.

“మేకకి పైన ముందు పళ్ళుండవు. అది తప్పు రాసినావు. చదువు.”

చదివాను. బాధ్యత లేని మనుషులు అని రాశాను, అది చదివాను. తరతరాల అజ్ఞానం అని రాశాను, అది చదివాను. ఆ వాక్యం వచ్చింది. ఒక్కో మాట విడదీసి చదవాల్సి వచ్చింది. మేకల పోలేరయ్య తిరిగిన చోట. ఎవరూ నవ్వలేదు. పెంచల్ గ్లాసులు కడగడం ఆపి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు. గుంపు వెనక అమ్మ ఉంది, బైబిలు చంకలో పెట్టుకుని, నేల చూస్తోంది. కింద నా పేరుంది, పర్యావరణ కార్యకర్త అని. అది కూడా చదవమన్నాడు. చదివాను.

కారులోంచి పద్మనాభయ్య గొంతు వచ్చింది, మేకలు రేపటినుంచి ఈ పక్కకే రావచ్చు, పిల్లోడు ఇంక దిగొచ్చు అని. అద్దం పైకి వెళ్ళింది.

నేను ఒక కాలు కిందికి దించాను.

పోలేరయ్య లేవలేదు. నా వైపు కాదు, కాలువ గట్టు వైపు చూస్తున్నాడు. అక్కడినుంచి అతని ఇంటావిడ వస్తోంది, తడిసిన చీర పిండుకుంటూ, నెమ్మదిగా. బెంచీ మీద పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. ఆమె కూర్చునేదాకా ఆగాడు.

“మా ఇంటిది ఇప్పుడే వచ్చినాది అబ్బయా. మొదటి నించీ చదువు.”

కాలు మళ్ళీ బల్ల మీదికి తీసుకున్నాను. శీర్షిక నుంచి మొదలుపెట్టాను.